నోట్లో పోసుకోని నీళ్లు

మా ఇంటికి చేపలు పెయింటు బకెట్లో వచ్చాయి. మూతకు మేకుతో చిల్లులు పొడిచి, బండి మీద కాళ్ల మధ్య ఇరికించుకుని మా ఆయన కంపెనీ నుంచి తెచ్చాడు. కూరకు తెచ్చాడనుకుని నేను చింతపండు నానబెట్టబోయాను. మూత తీసి చూస్తే వేలెడంత నల్లచేపలు కొన్ని, అరచేయంత గోల్డ్‌ఫిష్‌లు మూడు ఉన్నాయి. ఆ మూడింటిలో ఒకటి తెల్లగా ఉంది. మల్లెపూల తెలుపు కాదు, బట్టలుతికీ ఉతికీ నానిపోయిన వేళ్ల తెలుపు.

"ఇది గూడ ఎర్రగనే ఉండె. మా కాడికొచ్చినంక తెల్లబడ్డది" అన్నాడు.

"జెరమొచ్చి లేసినోళ్ల లెక్కున్నది. దీన్ని ఇంట్ల పెడతవా?"

"పెడత. ఇది శాన గట్టిది. అన్ని పోయినా ఇది పోలె."

అప్పుడు ఆ మాట నాకు మెచ్చుకోలుగానే వినబడింది.

మా ఆయన పని గురించి చెప్పకపోతే ఈ చేపల సంగతి అర్థం కాదు. పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో, వాడేసిన నీళ్లను శుభ్రం చేసి బయటికి వదిలే చోట ఆయన పని. అందరూ ఈటీపీ అంటారు. ఆ చోటికి చిట్టచివర ఒక గాజుతొట్టి ఉండేదట. శుభ్రం చేసిన నీళ్లు ఆ తొట్టిలోంచే పారాలి. అందులో చేపలుంటాయి. తనిఖీకి వచ్చిన వాళ్లను, చూడవచ్చిన పెద్దమనుషులను దాని ముందు తెచ్చి నిలబెట్టేవారు. చేపలు తిరుగుతున్నాయంటే నీళ్లు మంచివని లెక్క. ఆ చేపల్ని సాకడం మా ఆయన ఉద్యోగం. పెళ్లయిన కొత్తలో ఎవరైనా మీ ఆయనేం చేస్తాడంటే చెప్పడానికి నాకు సిగ్గేసేది. మా అక్క మొగుడు లేత్ మిషను మీద పనిచేసేవాడు, మా చిన్నాన్న కొడుకు క్రేను నడిపేవాడు, మా ఆయనేమో చేపలకు మేతేసేవాడు.

ఆయనకొక పద్ధతి ఉండేది. కొత్త చేపల్ని వదలాల్సి వచ్చినప్పుడల్లా ముందుగా తెల్లదాన్ని ఒక్కదాన్నే వదిలేవాడు. అది అడుగుకు దిగి తిరిగితే మిగతావి వదలాలి. పైకొచ్చి నోరు తెరుచుకుని నిలబడితే ఆఫీసులో చెప్పాలి. "చెప్తే వాళ్లేంజేస్తరు?" అని నేనోసారి అడిగాను. "సూస్తరు" అన్నాడు. అంతకుమించి ఒక్క ముక్క రాలేదు. ఆయన నోట్లోంచి రెండో మాట రప్పించడం కంటే రాతినేలలో బోరు వేయించడం సులువు.

అన్నేళ్లు అక్కడ నిలబడినందుకు ఆయన ముక్కు పోయింది. అంటే ముక్కు ఉంది, పని మానేసింది. పప్పు మాడినా తెలియదు, సాంబ్రాణి వేసినా తెలియదు. మా ఇస్నాపూర్‌లో కొన్ని సాయంత్రాలు గాలి తిరిగితే కుళ్లిన క్యాబేజీ లాంటి వాసనొకటి వస్తుంది. వీధిలో అందరం కిటికీలు వేసుకుంటాం. ఆయన గడప మీద కూర్చుని, "వస్తున్నదా?" అని నన్నడుగుతాడు. "వస్తున్నది" అని నేను చెబుతాను. మా ఇద్దరికీ కలిపి నాదొక్కటే ముక్కు.

తర్వాత కంపెనీలో కొత్త మిషను పెట్టారు. నీళ్లలో ఏముందో ఇక అదే చూపిస్తుందట. తొట్టి తీసేశారు. చేపల్ని కాలువలో పారబొయ్యమంటే ఈయనకు మనసొప్పక బకెట్లో వేసుకొచ్చాడు. కొన్నాళ్లకు ఆయన కూడా రిటైరయ్యాడు. ఇంట్లో చిన్న గాజుతొట్టిలో, తాగడానికి పట్టుకునే మంజీరా నీళ్లలో, చేపలు బాగానే ఉన్నాయి. నల్లవి చురుగ్గా తిరిగేవి. ఎర్రవి రెండూ నన్ను చూస్తే మేత కోసం ముందుకొచ్చేవి. తెల్లది మాత్రం అడుగున ఒక మూల పడి ఉండేది. మేతేసినా కదలడానికి తెగ ఆలోచించేది. వయసు మీద పడిందనుకున్నాం.

నీళ్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. మా దగ్గర నీళ్లు రెండు రకాలు, నోట్లో పోసుకునేవి, పోసుకోనివి. మంజీరా నీళ్లు పైపులో రోజు విడిచి రోజు వస్తాయి, తాగడానికి, వండడానికి బిందెల్లో పట్టి దాచుకుంటాం. తక్కినవన్నీ బోరు నీళ్లే. స్నానం, బట్టలు, గిన్నెలు, కళ్లాపి. ఇంటి వెనకాల బోరు మా మామ వేయించింది. ఒకప్పుడు ఆ నీళ్లతో వంకాయలు, టమాటలు పండించారు. పొలం పోయింది గానీ బోరు మిగిలింది. దాని నీళ్లు తాగొద్దని మాకెవరూ బోర్డు పెట్టి చెప్పలేదు. వీధిలో ఎవరూ తాగరు కాబట్టి మేమూ తాగం. అంతటితో ఆ నీళ్ల సంగతి తెగిపోయిందని మా అందరి నమ్మకం.

ఇక మా బిడ్డ సంగతి. ఒక్కతే బిడ్డ. అమీన్‌పూర్‌లో అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లకు ఇచ్చాం. ఏడో నెల రాగానే మా వియ్యపురాలు ఫోన్ చేసింది. మెత్తగా మాట్లాడే మనిషి. అలాంటి మనుషులతో కొట్లాడడం మహా కష్టం.

"వదినా, మీకెందుకు తిప్పలు. కాన్పు ఇక్కడనే అయితది. దవాఖాన దగ్గర, లిఫ్టున్నది, నీళ్లు గూడ మంచిగుంటయి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తొలి కాన్పు తల్లిగారింట్లో కాకపోతే ఇంకెక్కడవుతుంది? పురిటి బిడ్డకు అమ్మమ్మ కాకపోతే ఇంకెవరు నీళ్లు పోస్తారు? "మా నీళ్లకేమైంది వదినా? మీ కోడలు ఈ నీళ్లతోనే పెరిగి మీ ఇంటికొచ్చింది" అన్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం నేను. వారం రోజులు ఫోన్ మీద ఫోన్ చేసి, అల్లుడి చేత ఊఁ అనిపించి, చివరికి నెగ్గాను. శుక్రవారం బిడ్డను తెచ్చుకోవడానికి ఒప్పందమైంది. నేను గది కడిగాను, పాత చీరలు మెత్తగా ఉతికి పొత్తిగుడ్డలు చింపాను. పిల్లను కాళ్లమీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసేందుకు మా అత్త వాడిన పీటను అటక మీంచి దింపి, తోమి ఎండబెట్టాను. ఆ పీట మీద కూర్చుని మా అత్త నా బిడ్డకు నీళ్లు పోసింది. ఇప్పుడు నా వంతు. నాకు అంతకంటే పెద్ద కోరికలేం లేవు.

నేను పీట దింపితే మా ఆయన అక్వేరియం తెచ్చాడు. పటాన్‌చెరులో ఏదో హోటలు మూసేస్తుంటే అందులోది, ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాడు. పుట్టబోయే పిల్ల చూస్తుందట. నలుగురు పట్టి హాల్లో పెట్టారు. గోడ సగం అదే. మాతోనే ఉండే మా అత్తకు చూపు మసక, చెవులు మాత్రం పాము చెవులు. ఆమె ఆ గాజు పొడవునా చెయ్యి రాసుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది.

"ఏందే ఇది, మనిషి పండేటంతున్నది" అంది.

"చేపలకత్తమ్మా. పెద్దిల్లు."

"గీ ఇల్లు గా హోటల్లనే ఉండనియ్యరాదు?" అంది.

మా ఆయన తొట్టి కడిగి, అడుగున గులకరాళ్లు పరిచి, మంజీరా బిందెల వైపు చూశాడు. రోజుకు రెండేసి బిందెల చొప్పున నింపుతాడట. నాకు నవ్వొచ్చింది.

"గట్ల నింపితే పుట్టేటిది బడికి పొయ్యే యాళ్లకు నిండుతది. శుక్రారం బిడ్డొస్తున్నది. ఇల్లంత బకెట్లు పెట్టుకుని కూసుంటవా? బోరు పెట్టు."

"బోరా?"

"చేపలు తాగుతయా ఏంది? అండ్ల ఉంటయి అంతే గద."

ఆయన కూడా నవ్వాడు. "అది గూడ నిజమే. మనింటి నీళ్లే గద" అని పైపు పెట్టాడు. సగం నిండాక నన్ను పిలిచి, "వాసనేమన్న వస్తున్నదా సూడు" అన్నాడు. నేను వంగి ముక్కు పెట్టి చూశాను. ఏమీ లేదు. రోజూ నేను స్నానం చేసే నీళ్లే అవి. "ఏం లేదు" అన్నాను. కంపెనీ నీళ్లకైతే ముందు తెల్లదాన్ని వదిలి చూసే మనిషి, ఆ రోజు అన్నిటినీ ఒక్కసారే వదలడానికి జాలిగంటె తీశాడు.

అప్పుడు మా అత్త అడ్డం పడింది. కొత్తింట్లోకి ఉత్తగా ఎట్లా పోతాయి, పాలు పొంగించాలి అంది. ఆమె చెప్పింది చెయ్యకపోతే అది ఏడాదంతా వినాలి. చిన్న గిన్నెలో పాలు పొంగించాను. చిటికెడు పసుపు వేసి, రెండు చుక్కలు వేలితో చల్లమని గిన్నె ఆమె చేతికిచ్చాను. చూపు ఆనని మనిషి, అంచు ఎక్కడుందో తెలియక గిన్నె మొత్తం వొంపేసింది. నీళ్లలో పాలు పొగలాగా కిందికి దిగాయి. ముగ్గురం నవ్వుకున్నాం. ఆయన చేపల్ని వదిలాడు. అంత పెద్ద తొట్టిలో అవి ఎటు పోయాయో కూడా కనబడలేదు.

తెల్లారి నేను ముగ్గేసి వచ్చేసరికి మా ఆయన తొట్టి ముందు నిలబడి ఉన్నాడు. తొట్టి మొత్తం బియ్యం కడిగిన నీళ్లలాగా తెల్లగా ఉంది. చేపలు లేవు. ఏవీ అని అడగబోయి ఆగాను. పైన, నీళ్ల అంచున, గాజు పొడవునా చిన్న చిన్న గుండ్రటివేవో తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. అవి నోళ్లు. వెనక ఒళ్లు లేవు, కళ్లు లేవు, వరసగా నోళ్లే.

గబగబా అన్నిటినీ పాత చిన్నతొట్టిలోకి మార్చాం. రెండు నల్లవి అప్పటికే పోయాయి. పాలన్నీ వొంపినందుకు అత్తను నేనేం అన్నానో చెప్పక్కర్లేదు, నా నోరు వీధికంతా తెలుసు. మా అత్త ఆ రోజు అన్నం ముట్టలేదు. "నోరులేని జీవాలను సంపితినా" అని గోడకు తిరిగి పడుకుంది.

చిన్నతొట్టిలోకి వచ్చిన చేపలు సాయంత్రానికి తేరుకున్నాయి. తెల్లది మళ్లీ తన మూలకు పోయి పడుకుంది.

శుక్రవారం మా బిడ్డ వచ్చింది. కడుపు ముందుకు పొడుచుకొచ్చి, ముఖం నిండి, చూడ్డానికి రెండు కళ్లు చాలలేదు. దిష్టి తీసి లోపలికి తీసుకుపోయాను. ముఖం కడుక్కోవడానికి బాత్రూంలోకి వెళ్లినది వెంటనే కొంగు ముక్కుకు పెట్టుకుని బయటికొచ్చింది.

"ఏందమ్మా ఈ వాసన?"

"ఏ వాసన?"

"నీళ్లల్ల. మందు గోలీలు నానబెట్టినట్టు."

నేను వెళ్లి పంపు తిప్పి, దోసిట పట్టి వాసన చూశాను. ఏమీ లేదు. మళ్లీ చూశాను. కడుపుతో ఉన్నవాళ్లకు అన్నీ వాసనే అని సర్దిచెప్పాను. నేను దాన్ని మోసేటప్పుడు పోపు వాసనకే పరిగెత్తేదాన్ని. అది ఊరుకుంది గానీ, నాకొక మాట గుర్తొచ్చి లోపల ముల్లులాగా గుచ్చుకుంది. చిన్నప్పుడు ఎండాకాలమొస్తే దానికి మోచేతుల మడతల్లో దురద పుట్టి, రక్తం వచ్చేలా గోక్కునేది. వేపాకు నూరి పూసి, బోరు నీళ్లతోనే కడిగేదాన్ని. పెళ్లయి అమీన్‌పూర్ పోయాక ఆ దురద మళ్లీ రాలేదు. మా దగ్గరికొచ్చాక తగ్గిందని వాళ్లెక్కడ గొప్పలు పోతారోనని నేను ఆ మాటే ఎత్తనిచ్చేదాన్ని కాదు.

మా ఆయన పెద్దతొట్టి ఖాళీ చేసి, గులకరాళ్లన్నీ తోమి, మళ్లీ బోరు నీళ్లు నింపాడు. పాలు లేవు, పసుపు లేదు. ఈసారి కంపెనీ పద్ధతిలోనే, ముందు తెల్లదాన్ని ఒక్కదాన్నే వదిలాడు. మేమిద్దరం నిలబడి చూశాం. అది ఒక్కసారి ఒళ్లు విదిలించుకుని నేరుగా అడుగుకు దిగింది. ఈ చివరనుంచి ఆ చివరకు పోయింది, మళ్లీ వచ్చింది. తోక ఇంత విప్పుకుని, తిరిగిందే తిరిగింది.

"సూసినవా, పాలతోనే అయింది" అన్నాను. ఆయన మిగతావి కూడా వదిలాడు.

మరునాడు మధ్యాహ్నం. తిన్నాక అందరం నడుం వాల్చాం. బిడ్డ స్నానం చేస్తానని నీళ్లు పెట్టుకుంది. అంతలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, తొట్టిలో గాలి పంపు ఆగింది. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది.

"ఎవరే తింటున్నది?" అంది మా అత్త.

"ఎవరూ లేరత్తమ్మా. అందరం తిన్నం."

"ఎవరో తింటున్నరు. శాన మంది తింటున్నరు. చప్పుడైతలేదా నీకు?"

వయసుకు తోచే మాటలనుకుని కళ్లు మూసుకున్నాను. అప్పుడు నాకూ వినబడింది. చప్ చప్ మని తడి చప్పుడు, వంకాయ కూరలో అన్నం కలుపుకుని ఆగకుండా తింటున్నట్టు. హాల్లోంచి వస్తోంది. లేచి వెళ్లాను. మా ఆయన అప్పటికే అక్కడ పీట మీద కూర్చుని ఉన్నాడు. నీళ్లు గాజులాగా తేటగా ఉన్నాయి. ఎర్రవీ నల్లవీ అన్నీ పైన అంచుకు చేరి, నోళ్లు నీళ్లలోంచి బయటపెట్టి, గాలిని కొరుక్కుని తింటున్నాయి. వాటికింద, అంత ఖాళీ నీళ్లలో, తెల్లది ఒక్కతే హాయిగా తిరుగుతోంది.

నేను ఆయన ముఖం చూశాను. మా మామ పోయినప్పుడు కూడా ఆయన ముఖం అట్లా అవడం నేను చూడలేదు.

"కరెంటు పోకముందు నుంచే అవి పైనున్నయి. ఇంట్లకొచ్చినంక ఇది ఎన్నడు గిట్ల తిరగలె" అన్నాడు, తెల్లదాన్ని చూపిస్తూ. "కంపెనీల తిరిగినట్టు తిరుగుతున్నది."

నాకు వెంటనే ఎక్కలేదు. ఆయనే మళ్లీ మాట్లాడాడు. ఆయన ఒకేసారి అన్ని మాటలు మాట్లాడడం మా కాపురంలో అదే మొదలు.

"ఇది గట్టిది కాదే. గా నీళ్లకు అలవాటైంది. దీన్ని ముందు ఇడిసి, ఇది దిగితె నీళ్లు మంచియని ఇన్నేండ్లు చెప్పిన. మిగిలినయి పైకొస్తే, చేపలు మంచియి కావని కొత్తయి తెచ్చి ఏస్తుంటిమి."

ఊరికంతా శకునం చెప్పిన బల్లి కుడితితొట్లో పడ్డదని సామెత. ఆ సామెత అనబోయి మింగేశాను. ఎందుకంటే అప్పుడే బాత్రూంలోంచి చెంబు చప్పుడు వినబడింది. ఒక చెంబు. ఇంకో చెంబు. నీళ్లు ఒంటి మీంచి జారి బండల మీద పడుతున్న చప్పుడు. నా బిడ్డ, దాని కడుపులో బిడ్డ.

నేను పరిగెత్తి తలుపు మీద రెండు చేతులతో బాదాను. "బిడ్డా, ఆపు. పోసుకోకు. చెంబు కింద పెట్టు."

తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని భయంభయంగా వచ్చింది. చెయ్యి పట్టుకుని తొట్టి దగ్గరికి తీసుకొచ్చాను. వాళ్ల నాయన రెండు ముక్కల్లో చెప్పాడు. గోడవతల మంచం మీంచి మా అత్త వింటూనే ఉంది.

"అయితె పాలు కాదా?" అంది. ఆ గొంతులో సంతోషం నాకిప్పటికీ వినబడుతుంది. అప్పుడామె లేచి, చెంబెడు మంచినీళ్లు తాగి, అన్నం పెట్టమంది.

మా బిడ్డ చాలాసేపు చేపల్ని చూసింది. తర్వాత చెయ్యి మడిచి, విప్పి, మోచేతి మడతను వేలితో తడుముకుంది.

"మరి నేనమ్మా?" అంది. "నేను గీ నీళ్లతోనే గద పెరిగింది."

వియ్యపురాలికి నేనే చెప్పిన మాట. ఎంత గర్వంగా చెప్పానో ఆ మాట. వాళ్ల నాయన జాలిగంటె తీసుకుని, ఒక్కొక్క చేపనే పట్టి చిన్నతొట్టిలో వేయడం మొదలుపెట్టాడు. తెల్లది జాలికి దొరకలేదు. ఎన్నిసార్లు పట్టబోయినా తప్పించుకుని ఆ చివరకు పోయింది. చివరికి దాన్ని అక్కడే వదిలేశాడు.

వియ్యపురాలికి ఫోన్ చెయ్యడానికి నాకు సాయంత్రం దాకా ధైర్యం చాలలేదు. నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియదు. నాకు, నా బిడ్డకు మధ్య మా మామ వేయించిన బోరు అడ్డమొచ్చి కూర్చున్నట్టుంది. దోమలున్నాయనో, ఎండలనో ఒక అబద్ధం తయారు చేసుకున్నాను. తీరా ఆమె హలో అనగానే, "వదినా, మా నీళ్లు మంచిగ లెవ్వు. బిడ్డను తీస్కపొండ్రి" అన్నాను.

దెప్పుతుందనుకున్నాను. దెప్పితే కొట్లాడడానికి నాకు కొంచెం ఊపిరన్నా వచ్చేది. "మీరు గూడ రండి వదినా" అంది. "పిల్లకు నీళ్లు పొయ్యడం నాకు రాదు. నా పిల్లలకు మా అమ్మనే పోసింది."

వీధిలో అందరికీ చెప్పాం. మా ఆయన పక్కిళ్ల వాళ్లను పిలిచి తొట్టి కూడా చూపించాడు. ఖాళీ నీళ్లలో తెల్లచేప హాయిగా తిరుగుతుంటే ఏముంది చూడ్డానికి? "బాగనే ఉన్నది గదా" అన్నారు. ఆ పైన, "అయినా మేం తాగం గద" అన్నారు. ఒకరు కాదు, అందరూ అదే మాట. పక్కింటామె నడుం మీద పిల్లాణ్ణి ఎత్తుకుని చెబుతోంది, వాడి నెత్తి ఇంకా తడిగా ఉంది. నేను అనగలిగినంత అన్నాను. కొట్లాడినట్టే అన్నాను. ఇప్పుడు మా ఇంట్లో ఒంటికి కూడా ట్యాంకరు నీళ్లే. వీధిలో మా ఒక్కరికే ట్యాంకరు వస్తుంది. మమ్మల్ని చూసి నవ్వుతారు.

మనవరాలు అమీన్‌పూర్‌లోనే పుట్టింది. నీళ్లు పోసే రోజు నేను నా పీట సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. ఆ నున్నటి బాత్రూంలో పీట వేసుకుని, చీర మోకాళ్ల దాకా ఎగదోపి, కాళ్లు చాపుకుని కూర్చున్నాను. గుప్పెడంత పిల్ల. నూనె రాసి కాళ్ల మీద పడుకోబెట్టుకున్నాను. వియ్యపురాలు వేణ్నీళ్లలో చన్నీళ్లు తొరిపి చెంబు నా చేతికిచ్చింది. మా బిడ్డ మంచం దిగొద్దంటే వినకుండా వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

చెంబు ఎత్తాను. పిల్ల పైకి చూస్తూ నోరు తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచింది. చప్పుడు లేదు. నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"పొయ్యండి వదినా. ఏడి సరిపోయింది. నీళ్లు మంచియే" అంది వియ్యపురాలు.

చెంబు దించి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా లేదు. మా ఇంట్లోనూ నాకు ఏ వాసనా రాలేదు. తాగి చూద్దామని పెదవుల దాకా తెచ్చుకుని ఆగాను. నా నాలుక ఏ నీళ్లకు అలవాటైందో, నా ఒళ్లు ఏ నీళ్లలో హాయిగా తిరుగుతుందో నాకేం తెలుసు? తెల్లది కూడా అట్లాగే అడుగుకు దిగింది.

చెంబును వియ్యపురాలి వైపు చాపాను.

"మీరు తాగి సూడండి వదినా."

స్నానానికి తోడిన నీళ్లు. ఇంకొకరైతే ఏమనుకునేవారో. ఆమె నా ముఖంలోకి చూసింది, తలుపు దగ్గరున్న నా బిడ్డను చూసింది. చెంబందుకుని ఒక గుక్క తాగింది, నోట్లో కొంచెంసేపు ఉంచుకుని మింగింది. తర్వాత ఇంకో గుక్క తాగి చెంబు తిరిగి నా చేతిలో పెట్టింది.

"ఇగ పొయ్యండి" అంది.

పోశాను.